ఊరగాయ జాడీలో నీ లండన్ రికార్డు

పద్మక్కా,

దొరికింది! నీ లండన్ బ్యాండు అభిమానుల సంఘం వాళ్లు ఏటా క్రిస్మస్‌కు పంపే రికార్డుల్లో నీకు రాకుండా పోయిన ఆ ఒక్కటి ఈ పొద్దు దొరికింది. యాడనుకున్నావ్? ఆళ్లగడ్డలోనే, మనింట్లోనే! అటక దులుపుతాంటే పాత ఊరగాయ జాడీలో కనపడింది.

కాగితమంత పలచని ప్లాస్టిక్ బిళ్ల గదా, అమ్మ దాన్ని రికార్డనుకోలేదు. జాడీ మూత కింద పెట్టి గుడ్డ కట్టేసింది. అడిగితే, "నాకేం తెలుసు నాయనా? మూతకు సరిగ్గా సరిపోయింటే పెట్టినా" అనింది.

సబ్బునీళ్లతో కడిగి, బస్సెక్కి నంద్యాల పోయినా. పాత రేడియోలు బాగుచేసే బాషన్న దగ్గర రికార్డులు తిప్పే మిషన్ ఉంది. దాని మీద పెడితే రికార్డు జారిపాయ. నువ్వు చేసినట్లే పైన రూపాయి బిళ్ల పెట్టినా. తిరిగింది! కొంచేపు గరగర, ఆనక ఆ బ్యాండోళ్ల నలుగురి గొంతులు. పాట ఒక్కటీ లేదక్కా! హ్యాపీ క్రిస్మస్ అంటారు, దగ్గుతారు, పకపకా నవ్వుతారు, అంతే.

"ఏందప్పా, దీనికా ఇంత దూరం వచ్చింది?" అన్నాడు బాషన్న. నేను మళ్లా పెట్టమన్యా. మూడుసార్లు విన్యా.

దీన్ని కాజేసినాడని పోస్టుమాన్ ఓబులేసన్నతో నువ్వు కన్ను మూసేదాకా మాట్లాడలేదు. నిన్ను సాగనంపిన రోజు ఆయప్ప మన గడప తొక్కకుండా వీధిలోనే నిలబడ్యాడు. ఇప్పుడు రుద్రవరంలో ఉన్నాడు. బాషన్నను మిషన్ అడిగి తెచ్చుకున్యా. రేపు పొద్దున్నే పోతాండా. ముందు ఆయప్పకు రికార్డు వినిపిస్తా. ఆ మీదట నీ బదులు నేను మాట్లాడతా.

నీ తమ్ముడు