పెద్ద స్పీకర్లలో నీ ఊపిరి

అక్కా, నువ్వు అబద్ధాలకోరువి. "నాకేం, గుండ్రాయిలా ఉన్నాను, ముందు నీ సంగతి చూసుకో" అని రికార్డు చేసి పంపావే, ఆ మాటలే నిన్ను పట్టించాయి.

నిన్న పనిమీద ఒక పెద్దమనిషి ఇంటికెళ్లి, ఆయన స్పీకర్లకు తగిన ఆంప్లిఫయర్ ఏదో చూస్తున్నాను. అంత హాల్లో ఒక్కటే కుర్చీ! సంగీతాన్ని కూడా ఒక్కరికే పంచుకున్నారు ఈ డబ్బున్నవాళ్లు. బాగా తెలిసిన గొంతు వింటేనే జోడీ కుదిరిందో లేదో తెలుస్తుందని, ఎప్పటిలాగే నీ రికార్డు పెట్టాను. చిన్న ఆంప్లిఫయర్‌తో మామూలుగానే ఉన్నావు. ఆ స్పీకర్లను మోయగల సత్తా ఉన్నది తగిలించగానే, మాట మాటకీ మధ్య పిల్లికూతలు వినిపించాయి.

"మిషన్లో లోపమా?" అన్నాడాయన.

"కాదండీ, మా అక్క ఇరవై ఏళ్లుగా మింగుతున్న మిల్లు దూది" అన్నాను.

అంత గదిలో నాకు సొంతమైంది నీ ఆయాసమొక్కటే. ఈ ఊళ్లో నాతో పోట్లాడే దిక్కు కూడా లేదు.

మిల్లు డాక్టరు మాట నమ్మకు. బయట ఛాతీకి ఎక్స్‌రే తీయించుకో. యూనియన్ చేత పరిహారానికి అర్జీ పెట్టించు. బావను సిగరెట్టు వీధిలో కాల్చుకోమను. కుదుటపడ్డాక, మధ్యలో ఆగకుండా నన్ను తిట్టి, ఆ రికార్డు పంపు.