జాలీ గోడ

1996 మే 5, ఆదివారం

ఆరాధన అయ్యాక సెక్రటరీ నోటీసు చదివాడు. పంతొమ్మిదిన సంఘ కూడిక. చర్చి కూల్చి కొత్తది కట్టాలా వద్దా, బాప్తిస్మం తీసుకున్న ప్రతివాళ్లూ చెయ్యెత్తి చెప్పాలి. సెక్రటరీ అంటే మా ఆయన హెన్రీయే. ఇంట్లో నాకు ఒక్క మాట చెప్పలేదు.

ఆత్మకూరు కాంట్రాక్టర్ ప్లాన్ చూపించాడు. రెండు శిఖరాలు, పైన కోసుగా ఉన్న కిటికీలు. అచ్చం క్యాలెండర్ బొమ్మ. సంఘ పెద్ద చెంచయ్య ఇప్పుడున్న కప్పు వైపు చెయ్యి చూపించి, ఇది చర్చా, ఎరువుల గోడౌనా, బస్సు దిగినోడు మూటలు దించను ఈడికే వస్తాండాడు అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అన్నం దగ్గర కూర్చున్నాక, ఎందుకు నవ్వానా అనుకున్నాను.

మే 6

ఈ చర్చి కట్టింది 1961లో. తాటాకు విసనకర్రలా మడతలు పడిన సిమెంటు కప్పు. లోపల ఒక్క స్తంభం లేదు. తూర్పు గోడంతా చదరపు కన్నాల జాలీ. బాప్తిస్మపు తొట్టిలోంచి తడిసి లేచినప్పుడు నేను మొదట చూసింది నీళ్ల మీద ఆ చదరపు వెలుగులనే.

మా ఊరి కొండ మీద కోట పాతది కాబట్టి దాన్ని చూడటానికి బస్సుల్లో వస్తారు. ఇది వయసులో నాకంటే చిన్నది. అందుకే కూల్చొచ్చు.

మే 7

ఎందుకు కూల్చాలని ఆయన్ని అడిగాను. జనం లోపల ఉడికిపోతాండారు, మైకు పెట్టినా మాట రెండుగా వినపడతాది, ఇంకేం జేస్తాం అన్నాడు. నిజమే.

మే 11, శనివారం

చర్చి ఊడ్చే వంతు నాదీ, పక్కింటి సుకుమారిదీ. ఆరేళ్ల కిందట పావురాలు రెట్టలు వేస్తున్నాయని జాలీ కన్నాలన్నిటికీ ఇటుక ముక్కలు పెట్టి పూసేశారు. వెనక మూల పూత ఊడి నాలుగైదు తెరుచుకున్నాయి. అక్కడ వంగి ఊడుస్తుంటే మెడ మీద గాలి తగిలింది.

చీపురు పడేశాను. పాస్టర్‌గారు ప్రసంగించే పల్పిట్ ఎక్కి ఏదైనా చదవమన్నాను సుకుమారిని. ఆడవాళ్లం ఎప్పుడూ ఎక్కింది లేదు. బెదురుకి వాక్యం గుర్తురాక గోంగూర నిలవపచ్చడి ఎలా పెట్టాలో చెప్పింది. వెనక బెంచీ దగ్గర ఉప్పు ఉప్పు, కారం కారం అని వినపడింది. తెరిచిన కన్నాల పక్కకు జరిగి నిలబడ్డాను. ఒక్క ఉప్పే.

ఏంజెలినక్కా, ఎండకి తల తిరిగిందా ఏంది అంది సుకుమారి.

బిల్డింగుకి ఏ రోగమూ లేదు. దాని ముక్కు మనమే మూశాం. మూయించింది సెక్రటరీ.

మే 12

ఆయనకి చెప్పాను. కంచంలో చెయ్యి ఆగిపోయింది. రెట్టలు ఊడ్చలేమని ఏడ్చింది మీ ఆడోళ్లే కదా అన్నాడు. సంఘంలో లేచి నీ మొగుడి పరువు నువ్వే తీస్తావా అన్నాడు. తియ్యనన్నాను. చెప్పకపోతే చర్చి పోతుందని కూడా అన్నాను. పెరుగు వేసుకోకుండా లేచిపోయాడు.

మే 14

ఆయన పెరుగు ముట్టడం లేదు.

మే 16

ఏరిన బియ్యమే మళ్లీ ఏరాను. చెయ్యి ఊరుకోవడం లేదు.

మే 18, శనివారం

ఈ వారం వంతు మాది కాదు. అడిగి తీసుకున్నాం. తెల్లవారగానే రోకలి పట్టుకెళ్లాను. లోపలినుంచి ఒక్క పోటు. ఇటుక ముక్క అవతల పడింది. బావకి తెలిస్తే ఈ రోకలి నీ నెత్తిన పడతాది అంటూనే సుకుమారి రెండో పోటు వేసింది. ఇటుక పడిన ప్రతిసారీ నేల మీద ఒక వెలుగు చదరం. పై వరసలు అందలేదు. అందినంత వరకు తెరిచాం.

తర్వాత చీపుర్లు పట్టుకుని ఊరికే కూర్చున్నాం. ఊడిస్తే ఆ చదరాలు చెరిగిపోతాయేమో అన్నట్టు.

మే 19, ఆదివారం

ఎవురు జేసిన పనిది అని వస్తూనే చెంచయ్య అరిచాడు. లేచాను. నేనే అన్నాను. మా ఆయన గోడ వైపు చూశాడు. నా వైపు చూడలేదు. పాస్టర్‌గారు పాట ఎత్తుకున్నారు.

ప్రసంగం మధ్యలో మా ఆయన లేచి మైకు ఆపేశాడు. పాస్టర్‌గారు ఉత్త గొంతుతోనే కొనసాగించారు. చివరి బెంచీలో ముసలి నాగులమ్మ, ఇన్నేండ్లకి అయ్యగారి మాట ఇనపడిందమ్మా, ఇంక నిద్రపోను కుదరదు అంది. పాస్టర్‌గారే నవ్వేశారు.

కూడికలో, కన్నాలు మూయించింది నేనే, తప్పు బిల్డింగుది కాదు అని ఆయనే చెప్పాడు. కూల్చాలనేవాళ్లు చేతులెత్తండి అన్నప్పుడు లేచినవి తక్కువ. పావురాలు రానీ, రెట్టలు ఎవురు ఊడుస్తారో చూస్తా అంటూ చెంచయ్య వెళ్లిపోయాడు.

మా ఆయన ఇంటికొచ్చాక అన్నంలో పెరుగు అడిగి మరీ వేయించుకున్నాడు.

జూన్ 1, శనివారం

పావురాలు వచ్చేశాయి.

ఇంట్లో చీపురు లేదు. చర్చి తాళంచెవి లేదు. ఆయనా లేడు.