మబ్బుల రాజు ఫలహారం

బావగారికి నమస్కారాలు. ఇవి మర్యాద కోసమే, మనసులోంచి వచ్చినవి కావు.

నిన్న రిహార్సల్లో నన్ను అందరి ముందూ చేతకానివాడన్నారు. అందుకే మీతో మాట్లాడను, ఈ ఉత్తరం అక్క చేత పంపుతున్నాను. మబ్బుల రాజు వేషం మీది. మీ నడుముకి కట్టి కప్పీ మీంచి వేసిన తాడు రెండో కొస పట్టుకుని, స్టేజీ పక్క అటక మీంచి దూకి మిమ్మల్ని పైకి లేపే పని నాది. నేను దూకాను. మీరు మోకాలెత్తు లేచి ఆగిపోయారు, అవతల నేను గాల్లో వేలాడాను. అందరూ పగలబడి నవ్వారు, మన నాటకాల కంపెనీ మేనేజరు తప్ప. నాటకం రోజుకి మీరు ఎగరకపోతే వేషం ఇంకొకరికి ఇచ్చేస్తాడట.

బరువు తగ్గండి. పొద్దున్నే మొలకెత్తిన పెసలు, ఉడికించిన శనగలు, బొప్పాయి ముక్కలు తినండి.

ఇట్లు,
నడుం పట్టేసిన మీ బామ్మర్ది

తా.క. ఓట్స్ తింటున్నానని గొప్పలు పోకండి. అందులో మీరు కలిపే మీగడ సంగతి అక్క చెప్పింది.

*

ఒరే బామ్మర్దీ,

దీవెనలు నీకు కాదు, నీ ఉత్తరం మోసుకొచ్చిన మీ అక్కకి.

మీగడ లేని ఓట్స్ అంటే పోస్టర్లంటించే జిగురేరా. సరే, అదీ మానేశాను. ఏళ్ళ తరబడి చెట్టు వేషాలూ, ద్వారపాలకుడి వేషాలూ వేసినవాణ్ణి, ఇదే నా మొదటి రాజు వేషం. దీనికోసం గడ్డైనా తింటాను. శనగలు నమిలి నమిలి దవడలు లాగేస్తున్నాయి. ఇన్ని నీతులు చెబుతున్నావు, నువ్వు తింటున్నావా ఇవి? తిని చూపించు, అప్పుడు మాట్లాడు.

ఇట్లు,
కడుపు మండుతున్న మీ బావ

తా.క. ఆకలి వల్ల మండుతోందో, నీ వల్ల మండుతోందో తెలియడం లేదు.

*

బావగారికి, ఈసారి నమస్కారం లేదు.

మీరు సవాలు చేశారు కాబట్టి నేనూ అవే తింటున్నాను. పైగా ఉడికించిన చిలగడదుంప, సోయా పాలు. ప్యాంటు జారిపోతోంది. మీరు మాత్రం నిన్న కూడా అదే మోకాలెత్తు. సిగ్గుగా లేదూ? ఎక్కడో చాటుగా మెక్కుతున్నారు మీరు.

ఇట్లు,
నోరు కట్టుకున్న మీ బామ్మర్ది

తా.క. నిన్న క్యాంటీన్లో మీ వీపు చూశాను. అంత వీపు కంపెనీలో ఇంకెవరికీ లేదు.

*

ఒరే అబద్ధాలకోరూ,

రాజు కోటుని దర్జీ మళ్ళీ బిగించాడు, పోయి అడుగు. నీ చేతుల్లో సత్తువ లేక నన్ను దొంగని చేస్తావా? రేపు మేనేజరు ముందే ఇద్దరం కాటా ఎక్కుదాం. అక్కడే తేలిపోతుంది.

ఇట్లు,
ఇక నీకు ఏమీ కాని బావ

తా.క. ఆ వీపు మేనేజరుది. నువ్వన్న మాట ఆయనకి చెప్పాను.

*

ప్రియాతిప్రియమైన బావగారికి, మనసారా నమస్కారాలు.

కాటా దగ్గర మేనేజరన్న మాట ఇంకా చెవుల్లో గింగురుమంటోంది. "దూకేవాడికి బరువుండాలి గదరా! ఇద్దరూ పోటీపడి ఎండిపోతే ఎవడు ఎవణ్ణి లేపుతాడు?" నిజమే, మీరు తగ్గినంతా నేనూ తగ్గాను. దొంగ అన్నందుకు క్షమించండి. కానీ నేను తేలిక, మీరు బరువు అని చెప్పి వేషం నాకూ తాడు మీకూ ఇస్తాడని కలలో కూడా అనుకోలేదు. ఒట్టు బావా, నేనడగలేదు.

నిన్నట్నుంచి మీరు పళ్ళు కొరుకుతున్నారని అక్క చెప్పింది. కొరకండి, తప్పులేదు. కానీ మధ్యలో తినేదేదైనా పెట్టుకుని కొరకండి. రేపు నాటకంలో నేను పైకి లేచాక మీ బరువే నాకు దిక్కు.

ఇట్లు,
ప్రాణం మీ చేతిలో పెట్టిన బామ్మర్ది

తా.క. తిట్టాలనిపిస్తే ఎంతైనా తిట్టండి. చేతులు మాత్రం తాడు మీంచి తియ్యకండి.