రెండో గిన్నె

సెప్టెంబరు 21

పొద్దున్నే మా చేపలమ్మే ఆడవాళ్ళ సంఘం మేడం వచ్చింది. వాకిట్లోనే నిలబడి చెప్పింది... వచ్చే నెల జపాన్ నుంచి నలుగురు ఆడవాళ్ళు వస్తున్నారట. పోయినేడాది మనం వెళ్ళాం కదా, ఇప్పుడు వాళ్ళ వంతు. మనం ఎవరింట్లో ఉన్నామో వాళ్ళు మనింట్లో ఉండాలి. కియోకమ్మ మా ఇంటికి.

"మూడు రోజులే అప్పలమ్మా. ఆవిడే అడిగింది, నీ ఇల్లే కావాలని."

నెత్తళ్ళ చేపలు ఎండకి తిరగేస్తున్నాను. తల ఎత్తలేదు. "నా ఇంటికొద్దు" అన్నాను.

"ఆలోచించుకో" అంది. వెళ్ళిపోయింది.

ఆలోచించడానికి ఏముంది.

సెప్టెంబరు 22

ట్రంకుపెట్టె అడుగు నుంచి ఈ పుస్తకం తీశాను. పది నెలలైంది ముట్టుకుని.

భవాని కొనిచ్చింది. అట్ట మీద దాని చేతిరాతే — అమ్మ ప్రయాణం. విమానం రోజు నా సంచిలో కుక్కుతూ అంది, "సూసిందల్లా రాసుకో అమ్మా. నోటితో సెప్తే సగం మర్సిపోతావు, సగం కలిపి సెప్తావు." నవ్వింది. నా సంచి జిప్పు పట్టలేదు, మోకాలు పెట్టి లాగింది.

ఐదో తరగతి చదువుతో పది రోజులూ రాశాను. తర్వాతవన్నీ ఖాళీ కాగితాలు. ఆ ఖాళీలోనే ఇప్పుడు రాస్తున్నాను. దాని కాగితాలు. దాని డబ్బులతో కొన్నవి.

సెప్టెంబరు 24

వాన. చేపలు లోపలికి. ఇల్లంతా తడి వాసన. ఇంకేమీ లేదు.

సెప్టెంబరు 26

ఈ రోజు ఆ పేజీ చదివాను. నవంబరు 12. చదవకూడదు అనుకుంటూనే.

నేను రాసింది రాసినట్టు —

"కియోకమ్మ ఇంట్లో నిన్నటి నుంచి చేప లేదు. ఆకుకూర, ముల్లంగి, సోయా పాల గడ్డలు. రేవు పక్కన ఇల్లు పెట్టుకుని చేప పెట్టరేటి. నామీద విసుగొచ్చినట్టుంది. నేనే రేవుకెళ్ళి వంజరంలాంటి చేప తెచ్చి పులుసు పెట్టాను. చింతపండు, కారం మనింటివే. నేను రెండుసార్లు వేసుకుని తిన్నాను. కియోకమ్మ ముట్టలేదు. పుల్లలు రెండూ కింద పెట్టేసింది. కారానికి భయపడింది. నాకు నవ్వాగలేదు."

పన్నెండో తేదీ.

భవానీని పూడ్చింది పన్నెండో తేదీ మధ్యాహ్నం.

చావింట్లో పదకొండు రోజులు చేప ముట్టం మేము. కన్నదాన్ని... రెండుసార్లు వేసుకుని తిన్నాను. నవ్వాను.

సెప్టెంబరు 27

ఆ కాగితం చింపుదామని పట్టుకున్నాను. చింపితే కుట్టూడి వెనక పక్క అట్ట దాకా వదులైపోతుంది. చింపలేదు.

సెప్టెంబరు 30

మా ఇంటాయన్ని అడిగాను. ఇన్నాళ్ళూ అడగలేదు. వల బాగుచేసుకుంటున్నాడు.

"నాకు సెప్పొద్దన్నదెవరు?"

చేతులు ఆగాయి. "నేనే."

"ఎందుకు?"

"ఎందుకేటే? నువ్వొక్కదానివి ఆ దేశంలో కూలబడిపోతే లేపీవోళ్ళెవరు? ఇమానం మార్సుకోమంటే రెండ్రోజులన్నారు. పోస్టుమార్టం అయిపోయిన ఆడగుంటని రెండ్రోజులు ఎక్కడ పెట్టమంటావు? ఐసు పెట్టి సేపల్లాగా పెట్టమంటావేటి?"

అని మళ్ళీ తనే, చిన్నగా, "పెట్టలేకపోయినానే" అన్నాడు.

నాకు గుర్తుంది. అక్కడ చివరి మూడు రోజులూ మాతో వచ్చిన మేడంని తన ఫోనులో ఇంటికి కలపమంటే నెట్ రావడం లేదు అనేది. పక్కనే ఎవరో నెట్‌లో పాటలు వింటున్నారు. అప్పుడు కూడా నాకు తట్టలేదు. విశాఖలో దిగితే మా ఇంటాయన, మరిది నిలబడి ఉన్నారు. ఈయన కాళ్ళకి చెప్పులు లేవు. నేను బొమ్మల గొడుగు ఊపుతూ బయటికొచ్చాను... భవానికి కొన్న గొడుగు. నీలం రంగు.

అక్టోబరు 2

కుళాయి దగ్గర అప్పలనర్సమ్మ. మా గోడ పక్క ఇల్లే వాళ్ళది. నాకు వరసకి ఒదిన.

"మీ జపానాయమ్మ వస్తాదంట కదా? ఇమానమెక్కి ఊరేగొచ్చినావు, ఇప్పుడు ఇంటికి పిలిసి మర్యాద సెయ్యి మరి."

నేను బిందె ఎత్తుకున్నాను.

"ఎల్లకపోతే గుంట బతికుండును" — ఇది మాత్రం నా వీపు చూసి అంది. చిన్నగా. వినబడాలనే.

తప్పు చెప్పలేదు. రోజూ తెల్లారి చేపల తట్ట పట్టుకుని హైవే దాటేది నేను. నేను లేని రోజుల్లో అది దాటింది. "రోజూ కొనీ వాడుకోళ్ళు సెయ్యి జారిపోతారమ్మా, నేను ఇచ్చొస్తాను, కాలేజీకి మజ్జానం ఎల్తాను" అంది. పదకొండో తేదీన లారీ ఆగలేదు. తట్ట ఒక పక్క, అది ఒక పక్క. కవళ్ళ చేపలు రోడ్డు నిండా అని చెప్పారు. చూసినవాళ్ళు చెప్పారు. నేను చూడలేదు.

అక్టోబరు 5

సరుగుడు తోటకి వెళ్ళాను. ఇసక జారిపోయి దిబ్బ చదునైపోతోంది. చేతులతో ఎగదోశాను. సరుగుడు ఆకు గుచ్చుకుంటుంది అరిచేతులకి. పెళ్ళికాని పిల్ల, అందుకే పూడ్చారు. ఒకందుకు మంచిదే... రావడానికి చోటుంది.

మొహం ఎలా ఉందని ఎవరినీ అడగలేదు ఇంతవరకు. కప్పేశారనే అంటారు అందరూ. చూసింది వాళ్ళ నాన్న ఒక్కడే.

అక్టోబరు 6

మేడం ఫోను. ఏం ఆలోచించావు అని. పెట్టేశాను.

నాకు కోపం మేడం మీద కాదు. మా ఇంటాయన మీద కోపమూ తగ్గుతోంది. కియోకమ్మ మీద తగ్గడం లేదు. ఆవిడకి తెలుసు. తెలిసే ఉంటుంది. మా నలుగురికీ కలిపి మాటలు మార్చి చెప్పే అమ్మాయి స్వాతి ఒక్కతే, హైదరాబాదు పిల్ల, అక్కడ చదువుతోంది. మేడం స్వాతికి చెప్తే స్వాతి ఆవిడకి చెప్పకుండా ఉంటుందా.

తెలిసీ నన్ను రేవుకి పోనిచ్చింది. తెలిసీ పొయ్యి వెలిగించి ఇచ్చింది. నేను తింటుంటే ఎదురుగా కూర్చుంది.

భాష లేకపోతే ఏం. చెయ్యి పట్టుకోవచ్చుగా. నా చేతిలో ముద్ద లాగేయొచ్చుగా.

అక్టోబరు 8

నవంబరు 13 పేజీ. ఎన్నిసార్లు తిప్పానో, దీన్ని చూడలేదు. రెండే వరసలు —

"కియోకమ్మ నిన్నటి నుంచి రెండు గిన్నెలు పెడుతోంది. ఎందుకో."

మళ్ళీ మళ్ళీ చదివాను. పిల్లి వచ్చి సగం చేపలు లాక్కుపోయింది.

ఆవిడ ఇంట్లో గోడకి చిన్న చెక్క గూడు. తలుపులుంటాయి. లోపల ఒక కుర్రాడి ఫోటో. కొడుకు. పడవ వచ్చింది, వాడు రాలేదని మొదటి రోజే స్వాతి చెప్పింది. ఆవిడ పొద్దున్న లేచి మొదట వాడికి చిన్న గిన్నెలో వేడన్నం పెట్టి, చిన్న గంట ఒకటి కొట్టి, అప్పుడు మా అన్నం. నాకది నచ్చింది. ఒక్క గిన్నె, ఒక్క గంట.

పన్నెండో తేదీ పొద్దున్న రెండు గిన్నెలు.

నేను రెండు వేళ్ళు చూపించి, "ఇద్దరికేటి?" అని నవ్వాను. ఆవిడ నవ్వలేదు. వచ్చి నా తల మీద చెయ్యి పెట్టింది. జ్వరం చూస్తోంది అనుకున్నాను. బాగానే ఉన్నానని తల ఊపాను.

ఇప్పుడు తెలిసింది ఆ గిన్నె ఎవరికో.

చేప మానేసింది అందుకే. నామీద విసుగు కాదు. మా మైల ఆవిడ పట్టింది. నేను పట్టకముందే. నా కూతురికి నాకంటే ముందు అన్నం పెట్టింది.

దండం పెట్టాలో, తిట్టాలో...

అక్టోబరు 9

మేడంకి ఫోను చేసి, "రమ్మనండి" అన్నాను.

"మనసు మారిందా?"

మారలేదు. అడగాల్సింది ఉంది.

అక్టోబరు 13

వాయుగుండం అంటున్నారు. పడవలన్నీ ఒడ్డుకి లాగేశారు. మా ఇంటాయన సున్నం కొట్టాడు ముందు గోడకి. వానకి సగం కారిపోయింది. మళ్ళీ కొట్టాడు. ఎవరూ చెప్పలేదు.

అక్టోబరు 17

వచ్చింది.

కారు వీధిలోకి రాలేదు, నడిచే వచ్చింది, పెట్టె చక్రాలు ఇసకలో కూరుకుపోతుంటే. ఊళ్ళో పిల్లలంతా వెనక. మనిషి చిన్నదైపోయింది. జుట్టు పూర్తిగా తెలుపు. నన్ను చూసి నడుం వంచి నిలబడిపోయింది, ఎంతసేపటికీ లేవదు. అప్పలనర్సమ్మ పక్క నుంచి, "ఏటే, నడుం పట్టీసిందేటి ఆయమ్మకి?" పిల్లలు నవ్వారు.

నేను భుజాలు పట్టుకుని లేపాను. కావిలించుకోలేదు.

స్వాతి కూడా వచ్చింది గానీ నలుగురికీ ఒక్కతే. ఒక్కో ఊరు తిరగాలి. మా ఇంటికి ఎల్లుండి పొద్దున్న. అంతవరకు మేమిద్దరం, మాట లేకుండా.

భవాని ఫోటో ముందు గదిలోనే ఉంది. కాలేజీ కార్డు కోసం తీయించుకున్నది. ఆవిడ దాని వైపు చూడలేదు. కళ్ళు దించుకుని దాటింది.

అక్టోబరు 18

పప్పు, వంకాయ వండాను. మా ఇంటాయన గొంతు తగ్గించి గొడవ. "సేపలోళ్ళింటికొస్తే పప్పు పెడతావేటే? ఏటనుకుంటాది?"

"నా సేత్తో నేను వండను."

నవంబరు నుంచి నేను చేప తినలేదు. రోజూ కోస్తాను, ఎండేస్తాను, అమ్ముతాను. నోట్లో పెట్టలేదు. సంవత్సరీకం అయ్యేదాకా అని ఇంట్లో అన్నాను. ఆ తర్వాత సంగతి నాకూ తెలియదు.

ముగ్గురం తినడానికి కూర్చున్నాం. ఇంతలో అప్పలనర్సమ్మ గిన్నె పట్టుకుని వచ్చేసింది. వంజరం పులుసు. "పడవలెల్లలేదని మా వోడు విజయనగరం నుంచి తెచ్చినాడు. పరాయి దేశమమ్మ, పప్పు పెట్టి పంపితే ఊరి పరువుండదు." అంటూనే కియోకమ్మ కంచంలో పెద్ద ముక్క వేసేసింది. ఎర్రగా. అదే వాసన. అదే చింతపండు.

కియోకమ్మ ముక్క చూసింది. నా కంచం చూసింది. నా కంచంలో పప్పే.

చేతిలో చెంచా కింద పెట్టేసింది. చప్పుడు లేకుండా. ఆ రోజు పుల్లలు పెట్టినట్టే. అంతే నెమ్మదిగా.

"కారమని భయపడతాంది" అంది అప్పలనర్సమ్మ.

"కాదొదినా" అన్నాను. "కారం కాదు." లేచి పెరట్లోకి వెళ్ళిపోయాను.

ఆవిడకి తెలుసు. అడగక్కర్లేదు ఇంక. ఆ రోజు తెలుసు, ఈ రోజూ తెలుసు.

అయితే అడగాల్సింది వేరే. నాకెందుకు చెప్పలేదు? నువ్వూ తల్లివే. నీ కొడుకు సంగతి ఎవరైనా మూడు రోజులు దాస్తే ఊరుకుంటావా?

అదే అడుగుతాను స్వాతి రాగానే. మాటలు మనసులో వరసగా పెట్టుకున్నాను.

అదే రోజు, తర్వాత

వాన ఆగింది. పెట్టె తెరిచి ఏవో కాగితాల్లో చుట్టినవి ఇచ్చింది, టీ పొట్లాలు, తువ్వాళ్ళు. ఒకటి మాత్రం తీసి మళ్ళీ లోపల పెట్టేసింది. గిన్నంత ఉంది. నేను చూసినట్టు తనకి తెలుసు.

నీలం గొడుగు మేకుకి వేలాడుతోంది. ఒక్కసారి కూడా విప్పలేదు. ఆవిడ దాన్ని చూసి, నన్ను చూసి, మళ్ళీ దాన్ని చూసింది. ఆ గొడుగు కొన్నప్పుడు పక్కనున్నది ఆవిడే. నవంబరు పదమూడో తేదీ. రంగు ఎంచమంటే చాలాసేపు ఎంచి, నీలం చూపించింది. డబ్బు నన్ను ఇవ్వనివ్వలేదు.

పదమూడు. అప్పటికి ఎవరికి కొంటున్నట్టు?

అక్టోబరు 19

తెల్లారి లేచేసరికి పక్క ఖాళీ. ముందు గదిలో భవాని ఫోటో ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. ముందు చిన్న గిన్నె. మూత తీసి ఉంది, లోపల ఏమీ లేదు. ఇది నా ఇల్లు కదా. అన్నం నన్ను అడగడానికి కూర్చుంది.

వండాను. పెట్టింది నేను. వేడి పొగలు.

నాకు ఏడుపు రాలేదు. కోపమూ పోలేదు. రెండూ అలాగే ఉన్నాయి, పక్కపక్కన.

ఎనిమిదింటికి స్వాతి వచ్చింది. చాప వేశాను. మా ఇంటాయన గుమ్మం దగ్గర నిలబడ్డాడు, లోపలికి రాడు, బయటికి పోడు. రాత్రంతా పేర్చుకున్న మాటలు అడగబోయాను.

కియోకమ్మే మొదలుపెట్టింది. నా వైపు చూసే మాట్లాడింది, స్వాతి వైపు కాదు. చాలాసేపు. మధ్యలో రెండుసార్లు ఆగింది. ఒకచోట తన ఛాతీ మీద వేలు పెట్టుకుంది. ఒకచోట మా ఇంటాయన వైపు చూపించింది, చెప్పొద్దన్నది ఆయనే అన్నట్టు. భవాని పేరు వచ్చింది. ఆవిడ నోట్లో ఆ పేరు వేరేగా ఉంది, అయినా అదే పేరు.

అయిపోయింది. నేను స్వాతి మొహం చూస్తున్నాను, తెలుగులో చెప్తుందని. స్వాతి ఏడుస్తోంది. "ఒక్క నిమిషం అక్కా, మొహం కడుక్కొచ్చి చెప్తాను" అని పెరట్లోకి వెళ్ళింది.

అంతలో రాస్తున్నాను ఇది. కియోకమ్మ ఎదురుగానే ఉంది, నా కలం వైపు చూస్తోంది. గుమ్మంలో మా ఇంటాయన తల దించేసుకున్నాడు. ఆయనకి ఏమర్థమైందో.

గిన్నెలో అన్నం చల్లారిపోతోంది.

పెరట్లో నూతి దగ్గర నీళ్ళ చప్పుడు ఆగింది.