నాబోతు మీద సాక్ష్యం

చిట్టితల్లి స్తుతికి,

ప్రభువు పేరిట నాన్న దీవెనలు. ఆయన కృప వల్ల నేనూ మీ అమ్మా ఇక్కడ కులాసాగానే ఉన్నాం. పోలీసు శిక్షణలో రోజూ అంతంత దూరం పరుగెత్తుతున్న నీ కాళ్ళకు బలమివ్వమని పొద్దుటి ప్రార్థనలో ఇద్దరం అడుగుతున్నాం.

నా మోకాలి నొప్పి సంగతి అడిగావు. తగ్గింది. మిరప రెండో కోత అయింది, కాయలు కల్లంలో ఆరుతున్నాయి. ఈ ఏడు మన కౌలు చేనుకి పురుగు బాధ పెద్దగా లేదు. మీ అమ్మ తొడిమలు తీసే పని మానలేదు. ఇంటికొచ్చేసరికి చేతులు మండిపోతుంటాయి. కొబ్బరినూనె రాస్తున్నాను.

ఇక, "అమ్మ చర్చిలో లేచి నిన్నేదో అడిగిందట, క్రిస్టీనా అక్క చెప్పింది, ఏం జరిగింది నాన్నా?" అని రాశావు. అక్కకి అంతా తెలుసు, నీకు సగమే చెప్పింది. మిగతా సగం నేనే చెప్పాలని మీ అమ్మ అక్కని ఆపింది. ఆదివారం మీకిచ్చే పది నిమిషాల ఫోనులో తేలే మాట కాదు, అందుకే ఈ ఉత్తరం.

మన చర్చి పడగొట్టి పెద్దది కట్టాలనుకుంటున్నాం కదా. పడమటి గోడ అవతల సర్దార్‌బీ పెరడు కలిస్తే సంఘమంతా కూర్చోవడానికి చాలుతుంది. భర్త గౌస్ బాషా పోయాక ఆమె అక్కడ ఒక్కతే ఉంటోంది, అమ్మ పక్కనే కూర్చుని తొడిమలు తీస్తుంది. సంఘ పెద్దలం కాబట్టి నేనూ జయపాలూ వెళ్ళి అడిగాం. "మా ఆయన వేయించిన బోరింగు ఆ పెరట్లోనే ఉందన్నా. నీళ్ళకి నేనెక్కడికి పోను? ఇవ్వను" అంది. సరేనని వచ్చేశాం.

మూడు నెలలుగా ఆరాధన అయ్యాక ఇశ్రాయేలు రాజుల మీద పాఠాలు చెబుతూ వచ్చాను. సౌలు, దావీదు, సొలొమోను అయిపోయారు. ఆ ఆదివారం అహాబు. అంత రాజ్యముండీ పొరుగున ఉన్న నాబోతు ద్రాక్షతోట కోసం అన్నం మానేసి గోడవైపు తిరిగి పడుకున్నాడని చెప్పాను. రాణి ఇద్దరు దొంగసాక్షుల్ని పెట్టించి నాబోతుని రాళ్ళతో కొట్టించిందని చెప్పాను. పొరుగువాడిది ఆశించకండి అని గొంతు కూడా పెంచాను.

అప్పుడు ఆడవాళ్ళ వైపునుంచి మీ అమ్మ లేచింది.

"ఏవండీ, ఆ సాక్షులిద్దరి పేర్లు రాసున్నాయా?"

"లేవు."

"రాసుంటే బాగుండేది. వాళ్ళ పెళ్ళాలకైనా తెలిసేది" అని కూర్చుంది.

కొందరు నవ్వారు. నేను బైబిలు మూశాను.

తల్లీ, భూముల రీసర్వేకి మనుషులొచ్చినప్పుడు సర్దార్‌బీ దగ్గర ఆ పెరటికి కాగితాలు లేవు. పాత ఇళ్ళస్థలాలకి ఊళ్ళో ఎవరికున్నాయి గనక? పెద్దల మాట రాసుకుంటున్నారు. ఆ పెరడు మొదటినుంచీ చర్చిదేనని నేనూ జయపాలూ రాసిచ్చాం, సంతకాలు పెట్టాం. అప్పుడామె పనిలో ఉంది. అమ్మకి కూడా నేను చెప్పలేదు. హద్దురాళ్ళు పాతాక సర్దార్‌బీ ఏడుస్తుంటే పక్కన కూర్చున్న అమ్మకి తెలిసింది. "మా నాన్న అబద్ధమాడడు" అని నీ స్నేహితురాళ్ళకి చెప్పానని రాశావు. అది చదివి రెండు వారాలు జవాబు రాయలేకపోయాను.

ఆ రోజు ప్రార్థనతో ముగించబోయి కళ్ళు మూసుకున్నాను. కళ్ళు తెరిచి, "ఆ ఇద్దరిలో ఒకడి పేరు యేసుపాదం" అన్నాను. జరిగిందంతా చెప్పాను.

జయపాల్ మండిపడ్డాడు. "మనింటికి తెచ్చుకున్నామా? దేవుడి కోసమే కదా చేశాం!" అన్నాడు. కొల్లగొట్టిన గొర్రెల్ని బలి ఇవ్వడానికే ఉంచానని సౌలు కూడా అన్నాడు. ఆ పాఠం చెప్పినవాణ్ణి నేనే, వినంది కూడా నేనే. జయపాల్ ఇప్పటికీ నాతో మాట్లాడటం లేదు.

తిన్నగా సర్దార్‌బీ ఇంటికి వెళ్ళాను. కూర్చోమనలేదు.

"సంతకం పెట్టేప్పుడు నా మొహం గుర్తురాలేదా అన్నా?"

"వచ్చిందమ్మా. వచ్చినా పెట్టాను."

"ఇంత మాట ఒప్పుకున్నావు. రాళ్ళు తీయించు. మిగతాది తర్వాత చూద్దాం" అంది.

మర్నాడే సచివాలయంలో నా సాక్ష్యం అబద్ధమని రాసిచ్చాను. కేసు పెట్టినా సరేననుకునే వెళ్ళాను. మళ్ళీ కొలిచారు, రాళ్ళు తీశారు, పెరడు ఆమె పేరున ఎక్కింది. పెద్దరికం వదిలేశాను. ఉన్నంత స్థలంలోనే కడదామని పాస్టరు క్రీస్తుదాసు గారు అడిగితే సంఘమంతా చేతులెత్తింది. ఆ చేతుల్ని చూసి నా గుండె ఉప్పొంగింది తల్లీ.

రాజుల్లో తప్పు చేయనివాడు ఎవడు? నీ తప్పు ఇదీ అని మరొకరు చెప్పినప్పుడు ఏం చేశాడన్నదే తేడా. సౌలు సాకు చెప్పాడు. దావీదు, పాపం చేశానన్నాడు. రేపు నువ్వు యూనిఫాం వేసుకున్నాక నీ సంతకానికి నా సంతకం కన్నా ఎక్కువ బలముంటుంది. అది పెట్టే ముందు ఎవరి పెరడు పోతోందో చూసుకో.

దావీదుకి ఎదురు నిలబడి తప్పు చెప్పడానికి నాతాను ప్రవక్తకి ఎంత గుండె కావాలో అనుకునేవాణ్ణి. ఆ రాజుతో కాపురం చేస్తూ చెప్పాలంటే ఇంకెంత కావాలి! నీకు అలాంటి తల్లి ఉంది.

పోయిన ఆదివారం నుంచి పాఠాలు ఆమే చెబుతోంది. ఐదో తరగతితో బడి మానేసిన మీ అమ్మ, నా సంతోష, అంతమంది ముందు నిలబడి మనష్షే సంగతి చెప్పింది. చేయరాని పాపాలన్నీ చేసి, సంకెళ్ళతో పరాయి దేశానికి పోయి, అక్కడ తలవంచి ప్రార్థిస్తే దేవుడు మళ్ళీ ఇంటికి తెచ్చిన రాజు. మగవాళ్ళ వైపు చివరి వరసలో కూర్చుని విన్నాను. పాఠం సాగినంతసేపూ ఒక్కసారి కూడా నావైపు చూడలేదు. చూసి ఉంటే తట్టుకోలేనని తనకి తెలుసు.

ఇంటికొచ్చి అన్నం వడ్డిస్తూ మాత్రం, "పాఠం ఎలా ఉంది?" అని అడిగింది.

"అర్థమైంది సంతోషా" అన్నాను.

ఇంకాస్త కూర వేసింది.

ఇట్లు,
మీ అమ్మ భర్తనని గర్వంగా చెప్పుకునే
నీ నాన్న,
యేసుపాదం