‘అని’కి ముందు కట్

మార్చి 3, సోమవారం

ఎడిటింగ్ రూమ్‌లో ఏసీ పాడైంది. ఫ్యాన్ వేస్తే మాటలు సరిగ్గా వినపడవు. చెమటలు కక్కుతూ నర్సమ్మ ఇంటర్వ్యూ మొత్తం చూశాను. గంటా పదకొండు నిమిషాలు. పెద్దాయన మీద మేం తీస్తున్న డాక్యుమెంటరీలో ఇప్పటికి ముప్ఫై ఇద్దరు మాట్లాడారు. సగం మందికి ఆయన దేవుడు, సగం మందికి హంతకుడు. నాకు తెలిసింది ఇంత, తెలియనిది ఇంత అని గీత గీసి చెప్పింది ఈవిడ ఒక్కతే.

పందొమ్మిదేళ్ల కింద మిల్లు గేటు దగ్గర సమ్మెలో ఉన్నవాళ్ల మీద పోలీసులు కాల్పులు జరిపిన రోజు ఆవిడ ఆసుపత్రిలో నర్సుగా డ్యూటీలో ఉంది. అప్పుడు పెద్దాయన మంత్రి. ఆవిడ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసుకుంటున్నాను. కాల్చమన్నది పెద్దాయనే అని అందరూ అన్నారు. నేను వినలేదు. వినంది విన్నానని ఎందుకు చెప్పాలి? నేను చూసింది ఒకటే. మధ్యాహ్నం వార్డుకొచ్చాడు. రిజిస్టర్ తెప్పించాడు. బుల్లెట్ గాయం అని ఉన్న చోటల్లా కొట్టేయించి తొక్కిసలాట అని రాయించాడు. రాసింది నేనే.

ఆ వార్డులో మా అన్నయ్య ఉన్నాడు. ఈ సంగతి టీమ్‌లో ఎవరికీ చెప్పలేదు.

మార్చి 6, గురువారం

డైరెక్టర్, లాయర్ వచ్చి చూశారు. రిజిస్టర్ ముక్క తీసెయ్యాలన్నాడు లాయర్. తప్పుడు రాత రాశానని తనే ఒప్పుకున్న మనిషి సాక్ష్యం నిలబడదట. అది తీసేస్తే ఆవిడ దగ్గర ఇంకేం మిగులుతుంది అన్నాను. వెతుకు అన్నాడు డైరెక్టర్.

మార్చి 7, శుక్రవారం, ఉదయం 11

వెతికాను. దొరికింది.

మన భాషలో ‘అని’ వెనకాల వస్తుంది. ‘కాల్చమన్నది పెద్దాయనే’ అన్నాక ఆవిడ ఊపిరి తీసుకుంది. ముప్పావు సెకను. అక్కడ కట్ చేసి, ఆ అతుకు మీద ఆవిడ చేతుల షాట్ వేస్తే ఎవరూ కనిపెట్టలేరు. అందరూ అన్న మాట ఆవిడ సొంత మాట అయిపోయింది.

డైరెక్టర్ మూడుసార్లు చూశాడు. ఇది పక్షపాతం కాదా సార్ అన్నాను. పెద్దాయనకి సొంత చానల్ ఉంది, పేపర్ ఉంది, మనకున్నది తొంభై నిమిషాలు, ఎవరిది పక్షపాతం అన్నాడు. ఆయన వెతకమన్నాడంతే. కట్ నాది. అది నిజమైతే బాగుండునని పందొమ్మిదేళ్లుగా కోరుకుంటున్నది నేను.

మార్చి 9, ఆదివారం

అన్నయ్య వాళ్లింటికి వెళ్లాను. మోకాలు వంగదు కాబట్టి వాడెప్పుడూ కుర్చీ అంచునే, ఇప్పుడే లేచి వెళ్లిపోతాడేమో అన్నట్టు కూర్చుంటాడు. సినిమాలో పెద్దాయనే కాల్చమన్నాడని ఒక సాక్షి తెగేసి చెప్పింది అన్నాను. టీవీ కట్టేయించి మళ్లీ చెప్పించుకున్నాడు. ఇన్నాళ్లకి ఒకళ్లకి నోరొచ్చింది అన్నాడు. అంత మంచి మాట చెప్తూ ముఖం అలా పెట్టావేం అంది వదిన. చీకటి గదుల్లో పని కదా, మా ముఖాలంతే అన్నాను. నవ్వింది. నమ్మలేదు.

ఏప్రిల్ 18, శుక్రవారం

సినిమా రిలీజైంది. చప్పట్లు కొడుతుంటే బాత్రూమ్‌లోకి వెళ్లి నిలబడ్డాను.

ఏప్రిల్ 19, శనివారం

టీవీలో చర్చ. నలుగురు. ఇది డాక్యుమెంటరీ కాదు, ఎన్నికల కరపత్రం అన్నాడు ఒకడు. ఏ పక్షమూ లేదనేవాళ్లు గోడ మీద పిల్లులు అన్నాడు ఇంకొకడు. రెండు వైపులా సమానంగా చూపించాలంది ఒకావిడ. కాల్పుల్లో చనిపోయిన పద్నాలుగు మందికి సమానంగా అవతల ఎవర్ని పెడతారు అన్నాడు నాలుగోవాడు. నర్సమ్మ ముక్క ఏడుసార్లు వేశారు. కాల్చమన్నది పెద్దాయనే. ఆవిడెవరో, ఎక్కడుంటుందో, ఆ మాట తనకెలా తెలుసో ఒక్కడూ అడగలేదు. అబద్ధాలకోరు అన్నాడు పెద్దాయన పార్టీ మనిషి. అదొక్కటే ఆవిడ గురించి ఎవరైనా అన్నది.

ఏప్రిల్ 22, మంగళవారం

నర్సమ్మ ఫోన్ చేసింది. నేనలా అనలేదు కదమ్మా అంది. అరవలేదు. జ్వరం ఎంతుందో చెప్పినట్టు చెప్పింది. గోడ నిండా బూతులు రాశారట. రిటైరయ్యాక చేరిన క్లినిక్‌లో ఇక రావద్దన్నారట. పెద్దాయన లాయర్ నోటీసు పంపాడట. అదంతా సరే, నేను చెప్పాలనుకున్నది రిజిస్టర్ సంగతి కదా, అదెందుకు లేదు అంది. ఆ మాట నోటిదాకా రావడానికి పందొమ్మిదేళ్లు పట్టింది నాకు అంది.

చూస్తానండి అన్నాను. ఇంకా ఏం చూస్తాను.

ఏప్రిల్ 23, బుధవారం

ఆవిడ అసలన్నది బయటపెడదామా అని డైరెక్టర్‌ని అడిగాను. అసలు రికార్డింగ్ బయటికొస్తే సినిమా పోతుంది, వచ్చే నెల పెద్దాయన నవ్వుకుంటూ గెలుస్తాడు, ఒక్క మనిషి కోసం పద్నాలుగు కుటుంబాల్ని ముంచుతావా అన్నాడు. ఆయన అన్నది తప్పని కూడా అనలేను. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. కప్ప నర్సమ్మ. పాము ఎవరో తేల్చుకోలేకపోతున్నాను.

ఏప్రిల్ 25, శుక్రవారం

ఆఫీసుకెళ్లాను. ఏమీ చెయ్యకుండా వచ్చాను.

ఏప్రిల్ 26, శనివారం

అన్నయ్యకి చెప్పేశాను. కట్ సంగతి, ఆవిడ అసలేమందో, మొత్తం. మోకాలు రాసుకుంటూ విన్నాడు. నన్ను తిడతాడనుకున్నాను. నా పేరు పక్కన తొక్కిసలాట అని రాసింది ఆవిడా అన్నాడు.

ఆ ఒక్క మాట వల్ల నాకు బుల్లెట్ తగిలిందని కోర్టులో రుజువు చేసుకోలేకపోయాను, మోకాలు చూపిస్తే జనం తొక్కేశారు కదా అన్నారు, ఆవిడే రాసింది, ఆవిడే అనుభవించనీ, నువ్వు నోరెత్తకు అన్నాడు. ఆవిడ చేత రాయించింది వాడు కదరా అన్నాను. చెయ్యి ఎవరిది అన్నాడు.

వదిన లేచి లోపలికి వెళ్లిపోయింది. కాసేపటికి వచ్చి, ఎవరి ముఖమూ చూడకుండా, ఇన్నేళ్లకి నిజం చెప్పిన మనిషిని కూడా మనమే తిడితే ఇక చెప్పేదెవరు అంది. అన్నయ్య రిమోట్ తీసుకుని టీవీ పెట్టాడు.

ఏప్రిల్ 28, సోమవారం, ఉదయం 10

కాల్పుల గురించి నర్సమ్మ చెప్పిన మూడు నిమిషాలూ ఎక్కడా కట్ లేకుండా నా పేరు మీద పోస్ట్ చేశాను. కట్ చేసింది నేనే అని, మా అన్నయ్య ఆ వార్డులో ఉన్నాడని కింద రాశాను. పావుగంటలో డైరెక్టర్ నుంచి మెసేజ్. ఎడిటింగ్ రూమ్ తాళాలు వాచ్‌మన్‌కి ఇచ్చెయ్.

అదే రోజు, సాయంత్రం 5

పెద్దాయన చానల్ వాళ్లు ఆ వీడియో తీసుకున్నారు. మూడు నిమిషాల్లోంచి నాలుగు సెకన్లు. నేను వినలేదు. ఆవిడ ఆ మాట అన్న దగ్గర కట్. వాళ్ల ఎడిటర్ కూడా పనిమంతుడే, అతుకు కనపడదు. రిజిస్టర్ ముక్క వాళ్లూ తీసేశారు.

జరిగిన వాటిలో ఆవిడ కళ్లతో చూసింది అదొక్కటే. అది ఏ పక్షానికీ అక్కర్లేదు.

ఏప్రిల్ 30, బుధవారం

సినిమా మీద కోర్టు స్టే. టీవీలో మళ్లీ ఆ నలుగురే. నర్సు మాట మార్చిందని యాంకర్ అంది. చనిపోయినవాళ్లలో ఒకరి కొడుకు లైన్లోకి వచ్చి, ఆ నర్సునీ ఆ ఎడిటర్‌నీ ఏం చేసినా పాపం లేదన్నాడు. వాళ్ల నాన్న ఫొటో మా సినిమా పోస్టర్ మీద ఉంది.

మొత్తం మూడు నిమిషాల వీడియో నా పోస్ట్‌లో అలాగే ఉంది. రెండు వందల పదకొండు మంది చూశారు.

మే 4, ఆదివారం

అన్నయ్య వాళ్లింటికి వెళ్లాను. పడుకున్నాడు అంది వదిన గుమ్మంలోనే నిలబడి. లోపల వాడు ఫోన్లో మాట్లాడుతున్నాడు. జాగ్రత్తగా వెళ్లు అంది.

మే 17, శనివారం

పెద్దాయన గెలిచాడు. మెజారిటీ ఎంతో రాయబుద్ధి కావడం లేదు.

మే 20, మంగళవారం

నర్సమ్మ ఫోన్ చేసింది. ఊరు మారుతోందట. తీసెయ్యడం నీ పనే కదమ్మా, నన్ను మొత్తానికి తీసెయ్యగలవా, ఎక్కడా లేకుండా, అని అడిగింది.

ఇప్పుడది నా చేతుల్లో లేదండి అన్నాను.

అడిగి చూశానంతేలే అంది.