మలబాలో గడప

నవంబరు 6
పొద్దుటి నుంచీ ఒక్క మాట దగ్గరే ఆగిపోయాను. ఆఫీసు హిందీ-తెలుగు పదకోశంలో ‘మలబా’, అంటే కూల్చిన కట్టడం తాలూకు చెత్త — ఎదురుగా తెలుగు గడి ఖాళీ. ‘శిథిలాలు’ అని రాసి కొట్టేశాను. శిథిలం అంటే సంస్కృతంలో మొదట వదులైనది, పట్టు సడలినది. విరిగినదని కాదు. కోటలకైతే సరే... కూల్చేసిన క్వార్టరుకి? ‘మలబా’ ఎక్కడ పుట్టిందో నిఘంటువులూ గట్టిగా చెప్పవు.

సాయంత్రం పాత పొరుగు ఆంటీ ఫోను. మేముండిన క్వార్టర్ల వరసంతా కొట్టేశారట. అమ్మ విని — “మరి గడప?”

నవంబరు 7
ఆ గడప నాన్న పెట్టింది. సర్కారు ఇంటికి గడపేది? “పసుపు ఎక్కడ రాయను, గోడకా?” అని అమ్మ అలిగితే, ఊరి నుంచి నల్ల కడప రాయి రైల్లో మోసుకొచ్చి, తనే సిమెంటు కలిపి పాతేశారు. “ఢిల్లీలో మన స్థిరాస్తి ఇదేనే.” రిటైరై ఖాళీ చేసినప్పుడు ఎంత లాగినా ఊడలేదు. వదిలేసి వచ్చాం.

పోయినేడు నాన్న కూడా... వద్దు.

నవంబరు 9
పొగ. ఎదురు టవరు కనబడదు. నగరమంతా కట్టడాలూ కూల్చివేతలూ ఆపేశారు — గాలి బాగుపడేదాకా మలబా కదలదు. అమ్మ దగ్గుతూనే కిటికీ దగ్గర — “ఇంకొన్నాళ్లు ఇలాగే ఉండనీ స్వామీ.” ఊపిరాడక అవస్థ పడుతూ ఎవరైనా ఇలా మొక్కుతారా? నేనూ మొక్కాను.

నవంబరు 10
వెళ్లాను. ఆకుపచ్చ వల వెనక గుట్టలు. వేపచెట్టును బట్టి మా బ్లాకు పోల్చుకున్నాను. కాపలా అతను — “క్యా ఢూండ్ రహీ హో దీదీ?” గడప వెతుకుతున్నానన్నాను. నవ్వేశాడు. గడప ఇంటికుంటుంది గానీ, ఇక్కడున్నదంతా మలబాయేగా అని.

నల్ల ముక్కలు బోలెడు. ఒకదానికి పసుపు మరక. చున్నీలో చుట్టి, క్యాబ్‌లో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. సగం దారిలో తట్టింది — ఆ క్వార్టర్లలో వంటగట్లూ ఆ రాయే. వంటగట్టు మీద పసుపు ఒలకదా?

బీరువాలో దాచాను.

నవంబరు 11
అమ్మ చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పింది. బొటనవేలితో అంచు తడిమింది.
“మనదేనా?”
“అనుకుంటా.”
“నీ ‘అనుకుంటా’ ఎప్పటికి తెముల్తుందే తల్లీ...”
కడిగింది. పసుపు రాసింది, బొట్లు పెట్టింది. మా ఫ్లాటు తలుపు పక్కన ఆనించింది.

నవంబరు 13
గడిలో ‘రాళ్లూ రప్పలూ’ అని రాశాను. రప్ప అంటే ఏమిటో విడిగా నాకు తెలీదు. ఒంటరిగా ఎవరి నోటా వినలేదు. పక్కన రాయి ఉండాల్సిందే. రాయి పోతే రప్పనేమంటారు?
ఇంకా కొట్టేయలేదు.

నవంబరు 14
ఆకాశం నీలంగా ఉంది. లారీలు కదిలే ఉంటాయి. వెతకడానికింకేం మిగలదు.

పాలపాకెట్ల కోసం అమ్మ తలుపు తీసింది. ఆ ముక్క జానెడు కూడా లేదు, దారికి అడ్డమే కాదు. అయినా కుచ్చిళ్లు పట్టుకుని, పాత గడపంత ఎత్తుకి కాలెత్తి దాటింది.

వంటగట్టు సంగతి చెప్పనా?

మళ్లీ లోపలికొస్తోంది... కుచ్చిళ్లు పట్టుకుంటోంది.